దృప్తుడా, తృప్తుడా? నా దిద్దుబాటుకు దిద్దుబాటు

మొన్న ఆదివారం ఇక్కడ ఒకావిడ భర్తృహరి సుభాషితం పెట్టారు. ఏనుగు లక్ష్మణకవి తెనుగుసేత:

తెలివి యొకింత లేనియెడఁ దృప్తుఁడనై కరిభంగి సర్వముం
దెలిసితి నంచు గర్వితమతిన్ విహరించితిఁ దొల్లి, యిప్పు డు
జ్జ్వలమతులైన పండితుల సన్నిధి నించుక బోధశాలినై
తెలియనివాఁడనై మెలఁగితిన్ గతమయ్యె నితాంతగర్వమున్.

కింద నా కామెంట్ కొందరు చూసే ఉంటారు. "దృప్తుడనై కాదండీ, తృప్తుడనై. పెట్టేముందు ఒకసారి చూసుకోండి." చివర నవ్వు బొమ్మ కూడా. ఆవిడ పాపం "సరేనండీ, మార్చాను" అన్నారు. 11 మంది లైక్ కొట్టారు. ఆ పూట కాఫీ కూడా బాగున్నట్టే అనిపించింది.

రాత్రి ఎందుకో అనుమానమొచ్చి భర్తృహరి సంస్కృత మూలం తీశాను. "యదా కించిజ్ఞోఽహం ద్విప ఇవ మదాంధః సమభవం" అని మొదలవుతుంది. మదంతో కళ్లు కనబడని ఏనుగు. తృప్తి ఊసే లేదు! దృప్తుడంటే దర్పం ఉన్నవాడు. దర్పమూ దృప్తమూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి.

ఇంకో ఘోరం. కవి మనసులో నిజంగా తృప్తుడే ఉన్నా, ఆ చోట రాయాల్సింది 'దృ' అనే. 'యెడన్' చివర ద్రుతం, అంటే నకారం, ఉంది, దాని మీద త వస్తే ద అవుతుంది. బళ్లో చదువుకున్న సరళాదేశమే. ఈ పద్యంలోనే 'సర్వముం దెలిసితి', 'విహరించితిఁ దొల్లి' ఉన్నాయి. తొల్లి దొల్లి అయితే మాత్రం నాకు తప్పు కనబడలేదు చూడండి. అటు అర్థంలోనూ పోయాను, ఇటు సంధిలోనూ పోయాను.

తర్వాత చేసిన పనే అసలు సిగ్గుచేటు. గప్‌చుప్‌గా కామెంట్ తీసేసి పడుకున్నాను. ఆవిడ పోస్టులో నేను మార్పించిన తప్పు అలాగే ఉంది. పొద్దున ఎవరో "తృప్తుడేంటమ్మా?" అని ఆవిడనే నిలదీశారు. ఆవిడ నా పేరెత్తకుండా "పొరపాటైందండీ" అన్నారు. ఆ పొరపాటు ఆవిడది కాదు, నాది. అమ్మా, క్షమించండి.

జవాబు: బాబూ, ఇంకో సంగతి. మూలంలో 'కించిజ్ఞ' అంటే కొద్దిగా తెలిసినవాడు. తెలుగులో అది 'తెలివి యొకింత లేనియెడ' అయింది. నాకు మూలమే నచ్చుతుంది. ఏమీ తెలియనివాడు ఎవర్నీ దిద్దడానికి పోడు.

నా జవాబు: నిజమే మాస్టారూ. సరళాదేశం పేరు తెలుసు, సూత్రమూ తెలుసు. అవసరమైన చోట గుర్తు రాలేదు.

జవాబు: చివరి పాదం కూడా చూడండి. "జ్వర ఇవ మదో మే వ్యపగతః", మదం జ్వరంలా దిగిపోయిందట. లక్ష్మణకవి ఏనుగును ఉంచుకుని జ్వరాన్ని ఎందుకు వదిలేశారో!

నా జవాబు: చంపకమాలలో చోటు చాలలేదేమో. నాకైతే ఆ జ్వరం ఉండాల్సింది. దిగాక నీరసం ఉంటుంది కదండీ, ఇప్పుడు నేను ఆ దశలో ఉన్నాను.

జవాబు: నేనేనండీ, పద్యం పెట్టినావిడను. మళ్లీ దృప్తుఁడనై అని మార్చాను, ఈసారి అరసున్నాలతో సహా. తప్పులుంటే చెప్పండి. కామెంట్ మాత్రం తీసేయకండి.