మొదటి కెమెరా: పాత డీఎస్ఎల్ఆరా, కొత్త మిర్రర్‌లెస్సా, చేతిలో ఉన్న ఫోనా?

బరంపురం కుర్రాడు:
అందరికీ నమస్తే. డిగ్రీ చదువుతున్నా. మా ఊళ్లో రెండేళ్లకోసారి జరిగే ఠాకురాణి యాత్ర వేషాలు ఫొటోలు తీయాలని కోరిక. 25 వేల వరకు పెట్టగలను. తెలిసినాయన వాడిన కెనాన్ 1500డి (లోపల అద్దం ఉండే డీఎస్ఎల్ఆర్), 18-55 జూమ్ లెన్సుతో ఇస్తానంటున్నారు. నాన్నేమో ఫోనుండగా ఇంకోటెందుకంటున్నారు. ఏం చెయ్యమంటారు?

గునుపూర్ వాసి:
మీ నాన్నగారి మాటే నా మాట. మహేంద్రగిరి కొండ మీది మంచు, జిరంగ్ బౌద్ధ మఠం అన్నీ నేను ఫోనుతోనే తీస్తున్నా. ముందు వెలుతురు ఎటునుంచి పడుతోందో, ఫ్రేములో ఏది ఉంచాలో ఏది వదిలెయ్యాలో కన్నుకి తెలియాలి. దానికి కెమెరా అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టి నాలుగూళ్లు తిరుగు.

పర్లాకిమిడి స్టూడియో:
కొండ కదలదు కాబట్టి ఫోను సరిపోతోంది మాస్టారూ. యాత్ర జోరంతా రాత్రిపూట. నైట్ మోడ్ పెడితే పులివేషానికి నాలుగు చేతులొస్తాయి! పైగా చాలా ఫోన్లలో అపెర్చర్, అంటే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, మారదు, మరి అదెక్కడ నేర్చుకుంటాడు? తమ్ముడూ, 1500డి తీసుకో. కానీ దాంతో వచ్చే ఆ 18-55 కిట్ లెన్సు మీద ఆశ పెట్టుకోకు. జూమ్ చేసి 55 దగ్గర పెడితే అది ఎఫ్/5.6 మించి తెరుచుకోదు (ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది). పాత 50ఎంఎం ఎఫ్/1.8 దానికన్నా సుమారు పది రెట్లు వెలుతురు లాగుతుంది. అదే ఐఎస్ఓలో (సెన్సర్ సున్నితత్వంలో) కిట్ లెన్సుకి 1/25 సెకను షట్టర్ వచ్చేచోట దీనికి 1/250 వస్తుంది. డాన్సు ఆగేది అక్కడే.

రాయగడ మిర్రర్‌లెస్:
2018 నాటి బాడీ (లెన్సు కాకుండా కెమెరా) ఇప్పుడెందుకండీ? కంపెనీలు కొత్త లెన్సులన్నీ అద్దం లేని మిర్రర్‌లెస్‌కే తెస్తున్నాయి. కెనాన్ మిర్రర్‌లెస్ ఆర్50 వ్యూఫైండర్‌లో షట్టర్ వేగం పెంచగానే ఫొటో నల్లబడటం కళ్లముందే కనిపిస్తుంది. కొత్తవాళ్లకి అంతకన్నా పాఠమేముంది?

పర్లాకిమిడి స్టూడియో:
పాఠం బాగానే ఉంది, ఫీజే ఎక్కువ. కొత్త ఆర్50 ఆ కుర్రాడి బడ్జెట్‌కి రెట్టింపు పైమాటే. దాని కిట్ లెన్సు 45 దగ్గర ఎఫ్/6.3, ఇంకా చీకటి. ఇప్పుడు కొన్న 50ఎంఎం రేపు అడాప్టర్‌తో కెనాన్ ఆర్ మిర్రర్‌లెస్ బాడీకి ఎక్కుతుంది, ఆటోఫోకస్ కూడా పనిచేస్తుంది. డబ్బెక్కడికీ పోదు.

గునుపూర్ వాసి:
సరే, కొననివ్వండి. కానీ గోపాల్‌పూర్ సముద్రపు తేమ గాలికి లెన్సుల్లో ఫంగస్ పడుతుంది. వెనకనుంచి ఫోన్ టార్చి కొట్టి చూడు బాబూ, సాలెగూడులా కనిపిస్తే దండం పెట్టి వచ్చెయ్. కొన్నాక సంచిలో పారెయ్యకు, మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టు.

పర్లాకిమిడి స్టూడియో:
అది నిజం. ఇంకోటి, కెమెరా ఎంత వాడారో తెలియాలంటే షట్టర్ ఎన్నిసార్లు పడిందో చూడాలి, అది నికాన్ అయితే ఫొటో ఫైలులోనే దొరుకుతుంది. 1500డిలో అలా ఉండదు, కెమెరాని కంప్యూటర్‌కి తగిలించి సాఫ్ట్‌వేర్‌తో చూడాలి. ఎవరైనా చవగ్గా నికాన్ డీ3500 చూపిస్తే మాత్రం జాగ్రత్త. దాని బాడీలో ఫోకస్ మోటార్ లేదు, సొంత మోటార్ లేని పాత ఏఎఫ్-డి లెన్సు తగిలిస్తే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే.

బరంపురం కుర్రాడు:
అయితే కిట్ లెన్సు వద్దని, బాడీ ఒక్కటీ ఎంతకిస్తారో అడుగుతా. మిగిలిన దాంతో 50ఎంఎం కొంటా.

రాయగడ మిర్రర్‌లెస్:
ఆ పని చెయ్యకు. 1500డి సెన్సర్ చిన్నది, దాని మీద 50ఎంఎం అంటే 80ఎంఎంలా దగ్గరగా కనిపిస్తుంది. యాత్ర గుంపులో వెనక్కి జరగడానికి చోటెక్కడ? వెడల్పుగా పట్టే 18 ఉండాల్సిందే.

పర్లాకిమిడి స్టూడియో:
ఈ ఒక్కదాంట్లో రాయగడాయనతో ఏకీభవిస్తా. రెండూ తీసుకో, బేరం గట్టిగా ఆడు.