డిజిటల్ బొమ్మని చిత్రకళ పోటీకి తీసుకోవాలా, వద్దా?

గవర్నర్‌పేట కుర్రాడు:
ఈ మధ్య విజయవాడలో జరిగిన ఓ పోటీకి మా చెల్లి ట్యాబ్‌లో ప్రకాశం బ్యారేజీ బొమ్మ వేసి, ప్రింటు తీయించి పంపింది. "కంప్యూటర్ బొమ్మలు తీసుకోం" అని వెనక్కిచ్చేశారు. రూల్స్‌లో ఆ మాట ఎక్కడా లేదు. పోటీ సంగతి అలా ఉంచండి, అసలు డిజిటల్ బొమ్మ కళేనా, కాదా?

పాత బ్యానర్ ఆర్టిస్ట్:
కాదు బాబూ. మేం గాంధీనగర్‌లో సినిమా బ్యానర్లు వేసే రోజుల్లో చిన్న ఫొటో మీద గళ్లు గీసుకుని, అవే గళ్లు పెద్ద గుడ్డ మీద సుద్దతో కొట్టి మొహం లేపేవాళ్లం. దగ్గర నిలబడితే ముక్కెక్కడుందో కూడా తెలియదు. రోడ్డవతలికి పోయి చూసుకుని, వచ్చి మళ్లీ నిచ్చెన ఎక్కాలి. కన్ను కాస్త తేడా పడితే అభిమానులు ఊరుకుంటారా? ఇప్పుడు తప్పుపోతే ఒక్క నొక్కు, మాయం. పోయేదేమీ లేకపోతే చెయ్యి ఎందుకు నేర్చుకుంటుంది?

ఏలూరు రోడ్డు కవర్ డిజైనర్:
నమస్తే గురువు గారూ. నేను పుస్తకాలకి కవర్ బొమ్మలు వేస్తాను, ట్యాబ్ మీదే. తుడిపేయడం తేలికే, కానీ ఏది తుడపాలో ఆ బటన్ చెప్పదు కదండీ. మొన్న ఒక కథల పుస్తకానికి గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, మోసే ముఠా కూలీని వేశాను. గీతలన్నీ కరెక్టే, బరువే రాలేదు. నడుం ఇంకాస్త వంచితే ముసలాడైపోయాడు. చివరికి ఒక మోకాలు కొద్దిగా మడిచి, మెడ నరం లేపాక టిక్కీకి బరువొచ్చింది.

ఇంకో మాట, ఏమీ అనుకోకండి. మీ కోపమంతా ఫ్లెక్సీ మీదే అనిపిస్తోంది. న్యాయమైన కోపమే. అడుగుకింత చొప్పున గంటలో అచ్చేసి ఇచ్చే మిషన్లొచ్చి మీ పని లాక్కున్నాయి. ఆ పుట్టినరోజు ఫ్లెక్సీలని నేనూ కళ అనను. కానీ ఆ పాపం మా అందరికీ చుట్టబెడితే ఎలా? కొండపల్లిలో ఒకప్పుడు ఆకుపసర్ల రంగులు వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా ఎనామిల్ వేస్తున్నారు. వాళ్లని కళాకారులు కాదన్నామా?

పాత బ్యానర్ ఆర్టిస్ట్:
రంగు మారిందమ్మా, తెల్ల పొణికి కర్ర మారలేదు. చింతగింజల ముద్దతో చేతులూ కాళ్లూ అతికించే పనీ మారలేదు. సరే, ఇది చెప్పు. నా గుడ్డ చిరిగితే బొమ్మ పోయినట్టే. నువ్వు వంద ప్రింట్లు తీస్తే అందులో అసలుదేది?

ఏలూరు రోడ్డు కవర్ డిజైనర్:
రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టారు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి చొప్పున అచ్చు వేయించారు. మన పూజగదుల్లోకి లక్ష్మీ సరస్వతులు అలా వచ్చినవాళ్లే కదండీ.

పాత బ్యానర్ ఆర్టిస్ట్:
ఆయన ముందు నూనెరంగుల్లో వేశాడు. అచ్చు తర్వాత.

ఏలూరు రోడ్డు కవర్ డిజైనర్:
ఒప్పుకున్నాను. నా బొమ్మకి ఆ మొదటి ప్రతి ఉండదు. అందుకే ఇన్ని ప్రింట్లే తీస్తానని ముందే చెప్పి, ఒక్కోదానికి నంబరు వేసి సంతకం పెడతాను. కాన్వాసు రేటూ అడగను.

బ్రాడీపేట బాచి:
మీరిద్దరూ అసలు టెన్షన్ వదిలేశారు. 2022లో అమెరికాలో కొలరాడో స్టేట్ ఫెయిర్‌లో మిడ్‌జర్నీ అనే ఏఐతో చేసిన బొమ్మకి డిజిటల్ విభాగంలో మొదటి బహుమతి వచ్చింది. ఈ అమ్మాయి పంపిన బొమ్మ ఎవరు వేశారో పోటీవాళ్లకి ఎలా తెలుస్తుంది? నేనైనా వెనక్కే పంపుతా.

ఏలూరు రోడ్డు కవర్ డిజైనర్:
ఫైలు అడగండి. గీతలకొకటి, రంగులకొకటి అని మేం వేసుకునే పొరలు, అవే లేయర్లు, అందులో విడివిడిగా కనిపిస్తాయి. బొమ్మ మొదటి గీత నుంచీ ఎలా పెరిగిందో చాలా యాప్‌లు వీడియో కూడా దాస్తాయి. వాటర్ కలర్ బొమ్మ ఇంట్లో ఎవరు వేసిపెట్టారో కనుక్కోవడం కంటే ఇదే సులువు.

గవర్నర్‌పేట కుర్రాడు:
చెల్లి దగ్గర ఆ వీడియో ఉందట. వచ్చే ఏడు డిజిటల్‌కి వేరే విభాగం పెట్టమని అడుగుదామా?

ఏలూరు రోడ్డు కవర్ డిజైనర్:
వేరే ఎందుకు? వాటర్ కలర్‌కీ ఆయిల్‌కీ కలిపే బహుమతి ఇస్తున్నప్పుడు దీన్నీ అందులోనే చూడమనండి.

పాత బ్యానర్ ఆర్టిస్ట్:
అది మాత్రం కుదరదమ్మా. వాటర్ కలర్‌లో చెయ్యి జారితే కాగితం పారేసి మళ్లీ మొదలెట్టాలి. అలా వేసే పిల్లాడికీ మీకూ కలిపి మార్కులేస్తే వాడికి అన్యాయం. వేరే విభాగమంటే చెప్పండి, నేనూ వచ్చి అడుగుతా.