అప్‌డేట్: మిర్చి కొట్టు ప్రోగ్రాం గుట్టు దొరికింది

గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి రాసిన జావా స్వింగ్ (విండోలు, బటన్లు చేసే జావా లైబ్రరీ) ప్రోగ్రాంలో, తూకం వివరాలు సేవ్ కాకుండానే పని చప్పుడు లేకుండా ఆగిపోతోందని మొన్న అడిగాను కదా.

మీరు చెప్పినట్టు ప్రోగ్రాం మొదలయ్యే మెయిన్ మెథడ్ మొదట్లోనే డిఫాల్ట్ అన్‌కాట్ ఎక్సెప్షన్ హ్యాండ్లర్ పెట్టాను, అంటే కోడ్‌లో ఎవరూ పట్టుకోని ఎక్సెప్షన్లని (నడుస్తుండగా వచ్చే తప్పుల్ని) చివర్లో అందుకునేది. బటన్ నొక్కినప్పుడు వచ్చే తప్పులు లాగ్‌లో పడ్డాయి గానీ అసలు దొంగ దొరకలేదు. రెండు రాత్రులు టెన్షన్! తీరా చూస్తే, సేవ్ చేసే పనిని ఎగ్జిక్యూటర్‌కి (పనుల్ని వెనకాల వేరే థ్రెడ్‌లో నడిపేది) సబ్మిట్ మెథడ్‌తో ఇస్తున్నాను. అలా ఇస్తే ఎక్సెప్షన్ ఫ్యూచర్ (పని ఫలితాన్ని ఉంచుకునే ఆబ్జెక్ట్) లోపలే ఉండిపోతుంది. దాని గెట్ మెథడ్ పిలిస్తే తప్ప బయటికి రాదు, హ్యాండ్లర్‌దాకా చేరదు. సబ్మిట్ బదులు ఎగ్జిక్యూట్ మెథడ్‌కి మార్చగానే నల్ పాయింటర్ (విలువే లేనిదాన్ని వాడబోతే వచ్చే ఎక్సెప్షన్) బయటపడింది. బస్తాల సంఖ్య ఖాళీగా వదిలేస్తే వస్తోంది, అంతే.

స్వింగ్‌లో వెనకాల పనులు నడిపే స్వింగ్‌వర్కర్‌దీ ఇదే కథ, అక్కడ పని అయ్యాక నడిచే డన్ మెథడ్‌లో గెట్ పిలిచాను. ఎర్రర్ డైలాగ్‌ని ఇన్వోక్‌లేటర్‌తో (పనిని స్వింగ్ స్క్రీన్ థ్రెడ్‌కి అప్పగించేది) చూపిస్తున్నాను. గుమాస్తా గారు మాత్రం "ఇదివరకు ఇన్ని ఎర్రర్లు వచ్చేవి కాదండీ" అంటున్నారు.