ఎల్ఈడీ హోర్డింగ్‌కు రాత్రి 300 నిట్స్ పరిమితి: ఎలా కొలవాలి? సిగ్నల్ దగ్గర పెట్టొచ్చా?

ప్రశ్న:
రోడ్డు పక్క సొంత స్థలంలో 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తున్న ఎల్ఈడీ స్క్రీన్‌కు దరఖాస్తు పెట్టాలి. రాత్రిపూట 300 నిట్స్ (స్క్రీన్ వెలుగు కొలత) దాటకూడదని నగరపాలక సంస్థ షరతు. అమ్మేవాళ్లేమో స్క్రీన్ 6,000 నిట్స్ అంటున్నారు. అనుమతి వస్తుందా? తనిఖీకి వాళ్లు రాకముందే మనం కొలుచుకోవచ్చా? దగ్గర్లో ట్రాఫిక్ సిగ్నల్ కూడా ఉంది.

జవాబు:
6,000 అనేది ఎండలో కనబడటానికి కావలసిన గరిష్ఠ వెలుగు. చీకటి పడ్డాక దాన్ని 5 శాతానికి దించాలి, అంతే. అయితే చవక కంట్రోలర్లు (స్క్రీన్‌ను నడిపే పెట్టెలు) అంత కిందికి దిగితే బొమ్మ పాడవుతుంది. 8 బిట్ల మీద 5 శాతం అంటే 256 వెలుగు మెట్లలో మిగిలేవి 13. ముఖాల మీద చారలు పడతాయి. అప్పుడు ఆపరేటర్ చేసే పని వెలుగు పెంచెయ్యడమే. ఉల్లంఘనలు చాలావరకు ఇలాగే మొదలవుతాయి. కొనేముందు చీకటి గదిలో 5 శాతం దగ్గర మనిషి ముఖమున్న బొమ్మ వేయించి చూడండి.

కొలతకు ఖరీదైన నిట్స్ మీటరు అక్కర్లేదు, 0.1 లక్స్ (ఒకచోట పడే వెలుగు కొలత) దాకా చూపే లక్స్ మీటరు చాలు. స్క్రీన్ వైశాల్యం చదరపు మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 10తో గుణించండి. మీది 18 చదరపు మీటర్లు కాబట్టి సుమారు 42 మీటర్లు. స్క్రీన్‌కు ఎదురుగా అంత దూరంలో నిలబడి, మీటరు సెన్సర్‌ను స్క్రీన్ వైపు తిప్పి పట్టుకోండి. ముందు స్క్రీన్ పూర్తిగా నల్లగా ఉంచి ఒక రీడింగ్, తర్వాత పూర్తి తెలుపు వేసి ఇంకో రీడింగ్. రెండింటి తేడాను 100తో గుణిస్తే నిట్స్. తేడా 3 లక్స్ దాటకపోతే మీరు పరిమితిలో ఉన్నట్టే. ఆ దూరంలో, మీద పడే లక్స్ స్క్రీన్ నిట్స్‌లో సరిగ్గా నూరో వంతు అవుతుంది. అందుకే ఈ లెక్క ఏ సైజుకైనా పనిచేస్తుంది. అమెరికా నగరాల నిబంధనల్లో తరచూ కనిపించే 0.3 ఫుట్ క్యాండిల్ కూడా దాదాపు ఇదే, 3.2 లక్స్.

అదనపు ప్రశ్న:
ఫోన్ యాప్‌తో కొలిస్తే సరిపోదా? మామూలు ప్రకటన నడుస్తుండగా కొలిచినా ఫర్వాలేదా?

జవాబు:
రెండూ వద్దు. ఫోన్ సెన్సర్ 3 లక్స్ దగ్గర నమ్మదగినది కాదు. మామూలు ప్రకటనలో నలుపు, ముదురు రంగులు ఉంటాయి కనుక రీడింగ్ తక్కువొస్తుంది; తనిఖీ అధికారి తెలుపు వేయించగానే లెక్క తారుమారవుతుంది. హెడ్‌లైట్లు మీటరు మీద పడకుండా చూసుకోండి, వాహనాలు లేని క్షణంలో నాలుగైదు రీడింగులు తీయండి. రోడ్డు తడిగా ఉన్న రోజు వద్దు.

ఇంకొకరి జవాబు:
పై లెక్క సరైనదే. కానీ కొలిచిన రోజు బాగుండి, తర్వాత చెడిపోవడమే అసలు తలనొప్పి. చుట్టూ ఉన్న వెలుతురును బట్టి స్క్రీన్ వెలుగును మార్చే లైట్ సెన్సర్ మీద దుమ్ము పేరుకుంటే అది పగలు కూడా చీకటే అనుకుంటుంది, స్క్రీన్ కనబడదు. సెన్సర్ పక్కనే వీధి దీపం ఉంటే ఇందుకు తిరగబడుతుంది, రాత్రి కూడా పగలనుకుని మండిపోతుంది. కాబట్టి ఏ దీపమూ సూటిగా పడని చోట, స్క్రీన్‌కు వెనకవైపు బిగించండి. సెన్సర్ వైరు తెగితే వెలుగు రాత్రి స్థాయికి పడిపోయేలా కంట్రోలర్‌లో పెట్టించండి. చాలామంది మరిచేది ఇంకోటి: మార్చిన సెట్టింగును రిసీవింగ్ కార్డుల్లోకి (స్క్రీన్ లోపల కంట్రోలర్ సంకేతాన్ని అందుకునే కార్డులు) సేవ్ చేయకపోతే, కరెంటు పోయి వచ్చాక స్క్రీన్ పాత వెలుగుతో లేస్తుంది. మెయిన్ స్విచ్ ఆపి, వేసి పరీక్షించందే డబ్బు చివరి వాయిదా ఇవ్వకండి.

బొమ్మ మారే వేగం సంగతి: అమెరికా ఫెడరల్ హైవే శాఖ 2007లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఒక్కో బొమ్మ 8 సెకన్లు ఉండాలని సిఫారసు చేసింది. మీ షరతుల్లో ఎంతుందో చూసి దాన్నే పెట్టండి. మిణుకు మిణుకుమనేవి, కదిలే బొమ్మలు సిగ్నల్ దగ్గర అడగకపోవడమే మంచిది.

మరో జవాబు (స్థలం గురించి):
సిగ్నల్ నుంచి ఎంత దూరమన్నది నిబంధనలో ఉంటుంది. ఎక్కడి నుంచి కొలవాలన్న దగ్గరే పేచీ. స్టాప్ లైన్ నుంచా, జంక్షన్ మధ్య నుంచా అని రాతపూర్వకంగా అడగండి. రెండింటికీ పది మీటర్ల పైనే తేడా రావచ్చు.

దూరం సరిపోయినా సిగ్నల్ దీపాల వెనక మీ స్క్రీన్ కనబడితే దరఖాస్తు నిలబడదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఆగడానికి రోడ్ల డిజైన్‌లో సుమారు 65 మీటర్లు లెక్కిస్తారు. స్టాప్ లైన్ నుంచి అంత వెనక్కి వెళ్లి, డ్రైవర్ కంటి ఎత్తున, అంటే నేల నుంచి 1.1 మీటర్ల దగ్గర, ప్రతి లేన్‌లో పది మీటర్లకో ఫొటో తీయండి. ట్రాఫిక్ తక్కువున్న వేళ, పక్కన ఒకరిని కాపలా పెట్టుకుని తీయాలి. ఏ ఫొటోలోనైనా ఎర్ర దీపం వెనక స్క్రీన్ కనబడితే స్తంభం జరపాల్సిందే. ఫొటోలు ఫైలుకు జతచేస్తే అధికారికి కూడా పని తేలిక.

స్తంభం మీ స్థలంలోనే ఉన్నా, స్క్రీన్ అంచు ఫుట్‌పాత్ మీదికి వస్తే దాన్ని ఆక్రమణగానే లెక్కిస్తారు. సెట్‌బ్యాక్‌ను (రోడ్డు వైపు వదలాల్సిన దూరం) అంచు నుంచే కొలవండి.

గాలి భారం లెక్క స్ట్రక్చరల్ ఇంజనీరుతో వేయించండి. ఫ్లెక్స్ అయితే చిరిగి గాలిని వదిలేస్తుంది, ఎల్ఈడీ వదలదు. సెకనుకు 40 మీటర్ల గాలికి మీ 18 చదరపు మీటర్ల మీద పడే బలం 17 కిలోన్యూటన్లు దాటుతుంది, అదీ బోర్డు ఆకారాన్ని బట్టి వేసే గుణకాలు కలపకముందు. పాత ఫ్లెక్స్ స్తంభానికే స్క్రీన్ తగిలించే ఆలోచనుంటే ఈ లెక్క ముందుగా చూసుకోండి.