తెలుగు చదవలేని తెలుగు పిల్లలను పఠన కార్యక్రమానికి ఏ లిపిలో పిలవాలి?

తండయారుపేట కార్యకర్త:

ఉత్తర చెన్నైలో ఒక తెలుగు సంఘం నడుపుతున్న చిన్న గ్రంథాలయంలో నేను ఆదివారాలు పనిచేస్తుంటాను. ఎనిమిదో తరగతి నుంచి ప్లస్ టూ వరకు చదివే పిల్లల కోసం, నెలలో రెండో ఆదివారం ఒక కథను కలిసి చదివి దాని గురించి మాట్లాడుకునే కార్యక్రమాన్ని ఈమధ్య మొదలుపెట్టాము. నలభై పోస్టర్లు అచ్చు వేయించి జిరాక్సు దుకాణాల్లో, ట్యూషన్ సెంటర్ల గోడల మీద, రెండు గుళ్ల దగ్గర అంటించాము. వచ్చిన పిల్లలు ముగ్గురు. వారిలో ఇద్దరు మా కమిటీ సభ్యుల మనవలే.

కారణం తెలుసుకుందామని ఒక సాయంత్రం ట్యూషన్ వదిలే వేళకు గేటు దగ్గర నిలబడ్డాను. పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు సుండల్ (గుగ్గిళ్ల) పొట్లం చేత్తో పట్టుకుని మా పోస్టరు ముందు ఆగి, పక్కనున్న స్నేహితుణ్ణి "ఇది తెలుగా, కన్నడమా?" అని అడిగాడు. ఆ అడగడం మాత్రం చక్కని తెలుగులోనే అడిగాడు.

ఇప్పుడు మా కమిటీ రెండుగా చీలింది. పోస్టరు తమిళంలో వేయాలని, వాట్సాప్ సందేశాలను ఇంగ్లీషు అక్షరాలతో రాసిన తెలుగులో పంపాలని కొందరు అంటున్నారు. తెలుగు గ్రంథాలయమే తెలుగు లిపిని పక్కన పెట్టేటట్లయితే వాకిట్లో ఉన్న బోర్డును కూడా దింపేయవచ్చునని మిగిలినవారు అంటున్నారు. మీ అభిప్రాయాలు తెలుపగలరు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. తమిళనాడు బడుల్లో తమిళాన్ని తప్పనిసరి పాఠ్యాంశం చేస్తూ 2006లో వచ్చిన చట్టం ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పాకి, 2015-16 నాటికి పదో తరగతికి చేరింది. ఆ పదేళ్లలో మా బడిలో తెలుగు మాధ్యమం గదులు ఒక్కొక్కటిగా ఖాళీ కావడాన్ని నేను కళ్లారా చూశాను. తమిళం నేర్చుకోవడం పట్ల నాకు అభ్యంతరం లేదు. ఈ ఊళ్లో బతికేవాడికి అది కావలసిందే. అయితే వీధిలో తెలుగు అక్షరం కనిపించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని మిగిలినప్పుడు, వాటిలో ఒకదాన్ని మన చేతులతో మనమే చెరిపేయడం న్యాయమా? 1935లో పెదవడ్లపూడి నుంచి కొల్లిపర దాకా కాలువ వెంట పడవలో గ్రంథాలయం నడిపిన పెద్దలు పుస్తకాన్ని పాఠకుడి గుమ్మం వద్దకు తీసుకువెళ్లారు గాని, అందుకోసం దాని లిపిని మార్చలేదు.

అన్నానగర్ పాఠకుడు:

మాస్టారు గారికి నమస్కారం. పడవ ఉదాహరణ బాగుంది కాని, అది మీ వాదానికి ఎదురుతిరుగుతుందేమో చూడండి. ఆ కాలువ గట్ల మీద చదువు వచ్చినవారు ఎందరుండేవారు? గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి వంటివారు గ్రంథాలయోద్యమంతో పాటు వయోజన విద్యను కూడా భుజాన వేసుకున్నది అందుకే కదా. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పనిచేసిన రంగనాథన్ గారు 1931లో వెలువరించిన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలలో "ప్రతి పుస్తకానికీ దాని పాఠకుడు" అన్నది మూడోది. ఆ పాఠకుణ్ణి వెతికి తెచ్చే పని గ్రంథాలయానిదే అవుతుంది కాబట్టి, ప్రచారం ఆ సూత్రం కిందికే వస్తుంది. వెతకబోయేవాడు ఎదుటివాడికి అర్థమయ్యే భాషలో పిలవాలి. నా ఓటు తమిళ పోస్టరుకే.

పెరంబూరు తల్లి:

లిపి సంగతి మీరు తేల్చుకోండి. నాకు మాత్రం అసలు చిక్కు వేళ దగ్గర కనిపిస్తోంది. ఆదివారం ఉదయం పది గంటలకు పెడితే నీట్ శిక్షణకు వెళ్లే పిల్ల ఎలా వస్తుంది? సాయంత్రం నాలుగున్నరకు మొదలుపెట్టి ఆరు లోపల ముగిస్తే ఆడపిల్లల్ని పంపడానికి మాకూ ధైర్యంగా ఉంటుంది. ఎవరు చదివిస్తారో, ఎన్నింటికి వదులుతారో, లోపల పెద్దవాళ్లు ఎందరుంటారో తల్లిదండ్రులకు వేరుగా తెలియజేయండి. మరొక మాట: వచ్చిన పిల్లల ఫొటోలు మమ్మల్ని అడగకుండా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి దాన్ని ప్రచారం అనవద్దు. ఒక సంఘంవారు అలా చేసిన తరువాత మా అమ్మాయి అటువైపు వెళ్లడమే మానేసింది.

ప్లస్ టూ విద్యార్థిని:

నాకు తెలుగు మాట్లాడటం వచ్చును, చదవడం రాదు. నేను చెబుతూ ఉంటే అమ్మ టైపు చేసి, భాష కూడా సరిదిద్దింది. పైన రాసిన పెద్దలందరూ పోస్టరు ఏ లిపిలో ఉండాలన్నది మాట్లాడారు కాని, అందులో ఏముందో ఎవరూ అడగలేదు. నేను ఆ పోస్టరును చూశాను. పైన బెలూన్లు, కింద సీతాకోకచిలుకలు ఉన్నాయి. దాని మీద "బాలబాలికలలో పఠనాసక్తిని పెంపొందించే కార్యక్రమం" అని రాసి ఉందని అమ్మ చదివి చెప్పింది. పదహారేళ్ల మమ్మల్ని బాలబాలికలంటే మేము రాము. ఇంతకీ ఆ రోజు చదివేది దయ్యం కథా, ప్రేమ కథా, హత్య కథా అన్నది అందులో ఎక్కడా లేదు. అదే పోస్టరును తమిళంలో వేసినా నేను ఆగి చూడను.

ఇంగ్లీషు అక్షరాల తెలుగు కూడా మీరు అనుకున్నంత సులభం కాదు. ఒక వాక్యం వరకు పరవాలేదు. పేరాగ్రాఫు వస్తే ఏది దీర్ఘమో ఏది హ్రస్వమో తెలియక మధ్యలోనే వదిలేస్తాము. మా నాయనమ్మ కథ చెబితే మాత్రం ఒక్క మాట పోకుండా అర్థమవుతుంది. అందువల్ల ఆ నెల కథలో మొదటి నాలుగు వాక్యాలను ఎవరైనా బాగా చదివి, ఉత్కంఠ ఉన్న చోట ఆపేసి, అర నిమిషం వాయిస్ మెసేజ్‌గా పంపండి. మా క్లాసు గ్రూపులో తెలుగువాళ్లం ఏడుగురం ఉన్నాము. నేనే పెడతాను.

అన్నానగర్ పాఠకుడు:

నా ఓటును వెనక్కి తీసుకుంటున్నాను. చెవితో తెలుగు నేర్చినవారిని చెవి ద్వారానే పిలవాలన్న ఆలోచన మా ఎవరికీ తట్టలేదు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:

అమ్మాయీ, నీ మాటలో నిజం ఉంది. బెలూన్ల విషయంలో సిగ్గుపడవలసింది మేమే. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు. విని వచ్చినవాడు వినిపించుకుని వెళ్లిపోతే, మేము నడుపుతున్నది గ్రంథాలయమా, రేడియోనా? కథ వినడం అయిన తరువాతనైనా పేజీ తెరిచి, ఆ నాలుగు వాక్యాల మీద వేలు పెట్టి చూపించేవాడు ఒకడు ఉండాలి కదా. అప్పటికే కథ తెలిసి ఉంటుంది గనుక అక్షరాలను పోల్చుకోవడం సులభమని నా బడి అనుభవం. ఆ పని నేను చేస్తాను. గోడ మీద మాత్రం "కథ" అన్న మాట పెద్ద తెలుగు అక్షరాలలో ఉండి తీరాలి. వివరాలన్నీ దాని కింద తమిళంలో వేసుకోండి.

తండయారుపేట కార్యకర్త:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కమిటీ కూర్చున్నది. వచ్చే నెల పోస్టరులో "కథ" అన్న మాటను మాస్టారు స్వదస్తూరీతో తెలుగులో రాసి ఇస్తారు. వేళ, చోటు తమిళంలో ఉంటాయి. కార్యక్రమం సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు వరకు. ఫొటోలు తీయము. తల్లిదండ్రులకు విడిగా సందేశం వెళుతుంది. మా కోశాధికారి ఒక్కరే ఇంకా ఒప్పుకోలేదు. వచ్చినవారికి సర్టిఫికెట్ ఇస్తామని వేస్తే గది నిండుతుందని ఆయన వాదన. సర్టిఫికెట్ కోసం వచ్చినవాడు అది చేతికి అందగానే లేచిపోతాడని నేనంటాను. ఆ సంగతి పై నెలకు వాయిదా పడింది.

వాయిస్ మెసేజ్ కోసం ఈ ఉదయం నేనే నాలుగు వాక్యాలు చదివి రికార్డు చేశాను. మా ఇంట్లో వాళ్లు విని, వార్తలు చదువుతున్నట్టుందన్నారు. అమ్మాయి గారి నాయనమ్మ గారు ఒప్పుకుంటే, శనివారం మధ్యాహ్నం ఫోను పట్టుకుని వారి ఇంటికి వస్తాను.