క్యాంపింగ్ బండికి వెనక కమాన్ కట్టలు మార్చాలా, గాలి సంచులు చాలా?

గుడారంబండి:
డబుల్ క్యాబ్ పికప్. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). పైకప్పు గుడారం 60 కిలోలు, నీళ్లు 80 లీటర్లు, సొరుగుల పెట్టె, ఫ్రిజ్, రెండో బ్యాటరీ అన్నీ కలిపి ఇంకో 180. మొత్తం 320 కిలోలు. నీళ్లు తప్ప ఏవీ దింపేవి కావు. వెనక 45 మి.మీ. కుంగింది. కొందరు కట్టలకు తోడుగా గాలి సంచులు (ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య పెట్టి గాలి నింపే రబ్బరు సంచులు) పెట్టమంటున్నారు, కొందరు కట్టలే మార్చమంటున్నారు. ఏది మేలు? కారణంతో సహా చెప్పండి.

ఇరుసు:
సంచులు వద్దండి. కట్ట తన బరువును ముందు బ్రాకెట్ దగ్గర, వెనక షాకిల్ (కట్ట వెనక కొసను ఛాసిస్‌కు కలిపే కదిలే లింకు) దగ్గర, ఇలా రెండు చోట్ల ఛాసిస్‌కు పంచుతుంది. సంచి మాత్రం ఇరుసుకు నేరుగా పైన, ఆ రెండింటి నడుమ ఛాసిస్‌ను కిందనుంచి నెడుతుంది. గాలి పెంచేకొద్దీ కట్ట వంతు తగ్గి ఆ ఒక్క చోట భారం పెరుగుతుంది. పైగా సామానులో చాలా భాగం ఇరుసు దాటి వెనక్కి వేలాడుతుంటుంది. పెద్ద గుంతలో పడ్డప్పుడు సంచి ఉన్నచోటే ఛాసిస్ వంగుతుంది. క్యాబిన్‌కూ వెనక తొట్టికీ మధ్య సందు పైన వెడల్పై కింద ఇరుకైతే వంగడం మొదలైనట్టే. ఎప్పుడూ ఉండే బరువుకు ఎప్పుడూ ఉండే స్ప్రింగే సరైన జవాబు.

రెండుసంచులు:
ఇరుసు గారూ, మీరు చెప్పింది సంచుల్ని అతిగా వాడేవాళ్లకు వర్తిస్తుంది. అసలు దోషి వెనక్కి వేలాడే బరువు. లెక్క చూడండి: ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 3 మీటర్లు, వెనక ఇరుసుకు 1.2 మీటర్ల వెనక 100 కిలోలు పెడితే వెనక ఇరుసు మీద పడేది 100 కాదు, 140. ముందు ఇరుసు మీద 40 తగ్గుతుంది, స్టీరింగ్ తేలికవుతుంది. కట్టలు మార్చినా ఈ లెక్క మారదు. నీళ్ల ట్యాంకును క్యాబిన్ గోడకు ఆనించి ఇరుసు ముందుకు జరపడం ఏ స్ప్రింగు కన్నా ముందు చేయాల్సిన పని.

అప్పుడప్పుడూ ట్రైలర్ లాగేవాళ్లకు సంచి నిజంగా పనికొస్తుంది. షరతులు మూడు. ఎడమకూ కుడికీ వేర్వేరు గాలి గొట్టాలు ఉండాలి. ఒకే గొట్టంతో కలిపితే మలుపులో బయటి సంచి గాలి లోపలి సంచిలోకి పోయి బండి ఇంకా ఒరుగుతుంది. ఖాళీగా ఉన్నా తయారీదారు చెప్పిన కనీస గాలి, సాధారణంగా 5 పీఎస్ఐ దగ్గర, ఉంచాలి. లేకపోతే రబ్బరు మడతపడి నలిగి చిరుగుతుంది. మూడోది, చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు సంచి సాగి తెగకూడదు.

ఇరుసు:
బరువు ముందుకు జరపడం గురించి ఒప్పుకుంటున్నాను. కానీ ప్రశ్న అడిగినవారిది అప్పుడప్పుడూ వచ్చే బరువు కాదు కదా.

నూనెచుక్క:
ఇద్దరూ స్ప్రింగు దగ్గరే ఆగిపోయారు. గతుకుల బాటలో ముందు చేతులెత్తేసేది షాక్ అబ్జార్బరే.

బరువంతా వెనక ఇరుసు మీదే పడిందనుకుందాం. 320 కిలోలకు 45 మి.మీ. కుంగిందంటే రెండు కట్టలూ కలిపి మి.మీ.కు సుమారు 70 న్యూటన్లు. ఖాళీ బండికి వెనక స్ప్రింగుల మీద 700 కిలోలు ఉంటే ఇప్పుడు 1020. కట్టలు మార్చి గట్టిదనాన్ని 100కు పెంచితే, మునుపటిలాగే అన్నే ఊపుల్లో సద్దుమణగాలంటే షాక్ పట్టు దాదాపు 44 శాతం పెరగాలి. పాత షాకులే ఉంచితే గట్టి కట్ట తిరిగి విసిరే విసురును అవి ఆపలేవు, వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది.

రకం ఎంపికలో వేడిని చూడండి. మామూలు రెండు గొట్టాల షాకులో నూనె, గాలి కలిసి నురగ వస్తుంది, పట్టు పోతుంది. గాలికి బదులు ఫోమ్ గొట్టం ఉన్న రకంలో ఆ నురగ సమస్య ఉండదు. ఒకే గొట్టం రకంలో తేలే పిస్టన్ గ్యాసును వేరుగా ఉంచుతుంది, వేడి త్వరగా బయటికి పోతుంది. కాని దాని బయటి గోడే పిస్టన్ నడిచే గోడ. రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. రాళ్ల బాటలకు దానికి కవచం తప్పనిసరి.

పరీక్ష సులభం. పావుగంట గతుకుల్లో నడిపాక నాలుగు షాకుల మీదా ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ పెట్టండి. వేడెక్కినది పనిచేస్తున్నట్టు. ఒకే ఇరుసు మీద ఒకటి వేడిగా, రెండోది చల్లగా ఉంటే చల్లగా ఉన్నది పోయినట్టు.

గుడారంబండి:
అంటే కట్టలూ షాకులూ రెండూ మార్చాలన్నమాట. అదనపు బరువును బట్టి 300 కిలోల కట్టలు, 500 కిలోల కట్టలు అని అమ్ముతున్నారు. ముందుజాగ్రత్తగా 500 తీసుకోవచ్చా?

ఇరుసు:
వద్దు. నీళ్లు అయిపోయిన రోజున ఆ కట్ట కదలదు, వెనక చక్రం గుంతలోకి దిగకుండా గాల్లో తేలి పట్టు పోతుంది. ముందు తూకం వేయించండి. నీళ్లు, ఇంధనం, మనుషులతో సహా బయలుదేరే స్థితిలో ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూచాలి. తయారీదారు ఒక్కో ఇరుసుకిచ్చిన హద్దుతో పోల్చాలి. గట్టి స్ప్రింగు వేసినంత మాత్రాన ఆ హద్దు పెరగదు. బ్రేకులు, బేరింగులు, ఇరుసు పాతవే. ఎప్పుడూ ఉండే బరువు ఏ కట్ట హద్దులో పడితే అదే తీసుకోండి. మీ 320లో నీళ్లు పోతే 240, కాబట్టి 300 రకం.

ఎత్తు వేరు, గట్టిదనం వేరు అని కూడా గుర్తుంచుకోండి. ఎత్తు కట్ట వంపు నుంచి వస్తుంది.

మట్టిబాట:
ఎవరూ చెప్పని ప్రమాదం ఒకటుంది. చాలా పికప్పులకు వెనక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక కడ్డీతో బ్రేకు వాల్వు ఉంటుంది. బండి కుంగితే బరువుందని గ్రహించి వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. కట్టలతోనో సంచులతోనో వెనక భాగాన్ని లేపి ఉంచితే, 320 కిలోలున్నా బండి ఖాళీ అనుకుంటుంది. వెనక బ్రేకు బలహీనమవుతుంది. ఆ కడ్డీని కొత్త ఎత్తుకు సరిచేయించాలి.

బిగింపు గురించి రెండు మాటలు. కట్టను ఇరుసుకు బిగించే పాత యూ-బోల్టులు సాగిపోయి ఉంటాయి, కొత్తవే వేయండి, 500 కి.మీ. తర్వాత మళ్లీ టార్క్ రెంచితో (బిగింపు బలాన్ని కొలిచే పానాతో) చూడండి. షాకిల్ బోల్టులను చక్రాలు నేల మీద ఉన్నప్పుడే చివరి బిగింపు బిగించాలి. జాకీ మీద వేలాడుతుండగా బిగిస్తే రబ్బరు బుష్ మెలిపడిన స్థితిలోనే ఉండిపోయి కొద్ది రోజుల్లో చిరుగుతుంది.

రెండుసంచులు:
ముందు భాగాన్ని కూడా 50 మి.మీ. లేపుదామనిపిస్తుంది. విడి సస్పెన్షన్ (రెండు చక్రాలూ దేనికది కదిలేది) ఉన్న ముందు భాగంలో అంత లేపితే చక్రం కిందికి దిగే ప్రయాణం తగ్గుతుంది, సీవీ జాయింటు (చక్రానికి ఇంజను శక్తినందించే కడ్డీ కీలు) కోణం పెరిగి దాని రబ్బరు బూటు చిరుగుతుంది. 30 మి.మీ. దగ్గర ఆపి, ఆ వెంటనే వీల్ అలైన్‌మెంట్ చేయించండి. వెనక సంచుల విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను: కొత్త 300 కట్టలకు తోడుగా, ట్రైలర్ తగిలించిన రోజు మాత్రమే గాలి నింపండి.

ఇరుసు:
ట్రైలర్ ఉంటే సరే. ఈయన ట్రైలర్ మాటే ఎత్తలేదు.