66 ఏళ్లకి మూడు చక్రాల సైకిల్ నేర్చుకోవచ్చా?

తెనాలి టీచరమ్మ:
అందరికీ నమస్కారం. తెనాలిలో లెక్కల టీచరుగా రిటైరయ్యి రెండేళ్లుగా డాలస్ దగ్గర ఫ్రిస్కోలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇక్కడ కారు నడపడం రాకపోతే కాళ్లు కట్టేసినట్టే. పార్కు మైలున్నర, లైబ్రరీ ఇంకో మైలు, పొద్దున ఎనిమిదింటికి అందరూ వెళ్లిపోతే సాయంత్రం దాకా కిటికీ దగ్గర కూర్చోవడమే నా పని. మోకాళ్ల నొప్పులతో అంత దూరం నడవలేను, తొక్కడం పర్వాలేదని డాక్టరు అన్నారు. పెద్దవాళ్ల మూడు చక్రాల సైకిల్ కొంటానని మా అల్లుడు పట్టుబట్టాడు. చిక్కేమిటంటే నేను జన్మలో సైకిల్ ఎక్కలేదు, మా రోజుల్లో అన్నయ్య తొక్కుతుంటే వెనక క్యారేజీ మీద కూర్చోవడమే. ఇప్పుడు వస్తుందా? ఎలాంటిది కొనాలి? ఇంకోటి, నవ్వకండి, మన దగ్గర మూడు చక్రాలంటే చంటిపిల్లలదో నడవలేనివాళ్లదో కదా, ఈ కాలనీ నిండా మనవాళ్లే, చూసి ఏమనుకుంటారో అని కూడా ఉంది.

గన్నేరు పొద:
అమ్మగారూ, సైకిల్ రాకపోవడమే మీ అదృష్టం. నాకు 71, పదేళ్లప్పుడు బార్ కింద కాలు దూర్చి తొక్కడం మొదలుపెట్టినవాణ్ణి. నిరుడు ఫీనిక్స్‌లో ట్రైక్ కొని, మొదటి మలుపులోనే ఎదురింటివాళ్ల గన్నేరు పొదలోకి పోయాను (పేరు అందుకే!). రెండు చక్రాల మీద ఒళ్లు ఒరిగితే బండి దానంతటదే తిరుగుతుంది, దీన్ని మాత్రం హ్యాండిల్‌తోనే తిప్పాలి. రోడ్డు నీళ్లు పోవడానికి అంచువైపు కాస్త వాలుగా ఉంటుంది కదా, అక్కడ బండి కూడా వాలుతుంది, పడిపోతున్నామనిపించి పాత అలవాటుకొద్దీ ఒంటితో సర్దుకోబోతాం, హ్యాండిల్ ఎటో పోతుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికే నాకు మూడు వారాలు పట్టింది. మీకు వదిలించుకోవాల్సిందేమీ లేదు.

పడేది బ్యాలెన్స్ లేక కాదు, మలుపులో. వేగంగా తిప్పితే లోపలివైపు వెనక చక్రం లేస్తుంది. అందుకే మలుపుకి ముందే నడక వేగానికి తగ్గించి, తిరిగేవైపుకి ఒళ్లు వంచండి. ఖాళీ పార్కింగ్‌లో ముందు బ్రేకులు, తర్వాత ఎనిమిది అంకె, అవి వచ్చాకే రోడ్డు.

కొనేటప్పుడు ఎక్కేచోట ఫ్రేమ్ బాగా కిందికి ఉండాలి. మీరు పొట్టివారైతే 24 అంగుళాల చక్రాలు చాలు. బ్రేకుని నొక్కిపట్టి ఉంచే పార్కింగ్ లాక్ లేనిది వద్దు, ఎక్కుతుంటేనే జారిపోతుంది. ఫ్రిస్కో దాదాపు చదునే, అయినా మోకాళ్ల కోసం గేర్లున్నదే తీసుకోండి. ఆగినప్పుడు కాలు నేలకి ఆనించాల్సిన పనిలేదు కాబట్టి పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలు కొంచెమే వంగేంత ఎత్తున సీటు పెట్టుకోండి, చాలామంది కిందికి దించేసి మోకాళ్లు నొప్పని మూలన పడేస్తారు. వెడల్పు 30 అంగుళాల దాకా ఉంటుంది, ముందు మీ సైడ్ గేటు కొలవండి.

వేగం తగ్గించు:
ముందు రెండు చక్రాలుండి పడుకున్నట్టు తొక్కేవి చూడండి, కాట్రైక్, టెర్రాట్రైక్ లాంటివి. ఎత్తు తక్కువ, మలుపుల్లో చాలా గట్టిగా నిలబడతాయి.

గన్నేరు పొద:
మోకాళ్ల నొప్పులున్నావిడని నేలకి జానెడు ఎత్తున కూర్చోబెడతారా బాబూ? దిగడానికి ఇద్దరు పట్టుకోవాలి.

కృష్ణలంక:
టీచరమ్మగారూ, మా నాన్న బెజవాడలో రిక్షా తొక్కేవారు. మలుపు దగ్గర సీటు మీంచి లేచి బరువంతా లోపలివైపుకి వేసేవారు, పైన గన్నేరు పొద గారు చెప్పింది అదే. మీరు లేవక్కర్లేదు, వంగితే చాలు. చాలా ట్రైకుల్లో చైను వెనక ఒక్క చక్రాన్నే తిప్పుతుంది, అందుకని బయల్దేరేటప్పుడు కాస్త ఒక పక్కకి లాగినట్టుంటుంది, కంకర మీద ఆ చక్రం జారుతుంది కూడా. కంగారు పడకండి. బుట్టలో పాల క్యాన్లు అడుగున, మధ్యలో. ఇక ఎవరేమనుకుంటారంటారా, మా ముగ్గురి చదువులూ ఆ మూడు చక్రాల మీదే నడిచాయి, ఎవరైనా ఏమైనా అంటే నాకు చెప్పండి.

కూకట్‌పల్లి కోడలు:
మా అత్తయ్యకి ఇక్కడ కొన్నాం. రెండు చక్రాల సైకిలైతే గుంతని తప్పించుకుంటుంది, ఇది మూడు దారుల్లో పోతుంది, ముందు చక్రం తప్పించినా వెనకది పడుతుంది. ఇప్పుడు అపార్ట్‌మెంట్ కాంపౌండ్ లోపలే తిరుగుతున్నారు. మీ రోడ్లకి ఆ బాధ లేదులెండి. బ్యాటరీది మాత్రం ఇప్పుడే వద్దు, కొన్నింట్లో పెడల్ కదిపీ కదపగానే ముందుకి దూకుతుంది.

తెనాలి టీచరమ్మ:
రెండు నెలలకి మళ్లీ రాస్తున్నాను. 24 అంగుళాలది, ఏడు గేర్లది తీసుకున్నాం. స్కూలుకి సెలవున్న రోజుల్లో వాళ్ల పార్కింగ్‌లో నేర్చుకున్నాను, నాలుగో రోజుకి ఎనిమిది అంకె వచ్చింది. మీరెవరూ చెప్పనిది ఒకటుంది. ఆగబోతూ భయమేసి కాలు కింద పెట్టాను, వెనక చక్రం వచ్చి మడమ మీదికెక్కింది. చెప్పు తెగింది, చర్మం గీరుకుంది, అంతే. ఇప్పుడు బూట్లు వేసుకుంటున్నాను, పూర్తిగా ఆగేదాకా కాళ్లు పెడల్స్ మీదే. ఇళ్ల ముందు కార్లు దిగే వాలు దగ్గర కాలిబాట ఒక పక్కకి వంగుతుంది, అక్కడ ఇప్పటికీ గుండె జారుతుంది, బాగా నెమ్మదిగా పోతాను. ఎండకి ముందే ఆరున్నరకి పార్కుకి, శనివారం లైబ్రరీకి. మొన్న మనవాళ్లలోనే ఒకావిడ ఆపి రేటెంత అని అడిగింది, చెప్పాను, ఇంకో షాపులో తగ్గేదిగా అంది!

ఒక్క సందేహం. లైబ్రరీ ముందు సైకిళ్లు పెట్టే కడ్డీల మధ్య ఇది పట్టడం లేదు. మీరెలా తాళం వేస్తున్నారు?

గన్నేరు పొద:
చివరి కడ్డీకి పక్కగా ఆనించి, వెనక చక్రాన్నీ ఫ్రేమునీ కలిపి గొలుసు వేయండి. నాలుగడుగుల గొలుసు చాలు. ముందు పార్కింగ్ లాక్ వేయండి.